పాసు మీది పేరు

ఖరగ్‌పూర్ ఖరిదా పేటలోని మా ఇంటి వరండాలో సాయంత్రం నాలుగయ్యేసరికి ముగ్గురు పిల్లలు చాప పరుచుకుని కూర్చుంటారు. ఇద్దరు తెలుగువాళ్ళు, మూడో పిల్ల బెంగాలీ. ముగ్గురిదీ ఇంగ్లీషు మీడియమే, ముగ్గురి ఇంగ్లీషూ అంతంత మాత్రమే. ఆ మాట వాళ్ళ తల్లుల ముందు అననులెండి, మర్నాటి నుంచి పంపడం మానేస్తారు. రిటైరైన టీచరుకు పిల్లలు రాని సాయంత్రాన్ని మించిన శిక్ష లేదు.

దసరా సెలవులయ్యాక వాళ్ళు పట్టుకొచ్చిన పుస్తకాన్ని రెండుసార్లు తిప్పి తిప్పి చూశాను. ఇంగ్లండులో రాణిగారి ఏలుబడి నాటి నవల, పిల్లల కోసం కుదించి వేసింది. దిక్కులేని కుర్రాడు, పేదల్ని పెట్టే సత్రం, కొలిచి పోసే గంజి, పొగ పట్టిన లండను వీధులు. బళ్ళో మేం చదివిందీ ఇదే. అట్ట మారింది, బొమ్మలకు రంగులొచ్చాయి. కుర్రాడు మాత్రం అప్పట్లాగే బక్కగా ఉన్నాడు.

రెండు పేజీలు చదివించి అర్థం చెప్పాను. అందరిలోకీ చిన్నది, మా పక్క వీధి గ్యాంగ్‌మన్ మనవరాలు, పెన్సిలు కొరుకుతూ అడిగింది.

"అమ్మమ్మా, ఇలాటోల్లు నిజంగా ఉంటారేటి? మన లైన్లో ఎవలైనా ఉన్నారా?"

"ముందు స్పెల్లింగులు రాయండి" అని లోపలికి వెళ్ళిపోయాను. మరమరాల్లో ఆవనూనె, పచ్చిమిరపకాయలు కలుపుతుంటే ఉప్పు చెయ్యి దాటి పడింది. పాపం పిల్లలు నీళ్ళు తాగుతూ తిన్నారు.

ఆ ప్రశ్న నాకు పదమూడేళ్ళప్పుడు మా టీచరమ్మ అడిగింది. నేను జవాబు చెప్పాను. నా జవాబు వల్ల ఒక పిల్లకు నిలువ నీడ లేకుండా పోయింది. ఇన్నేళ్ళూ ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు రాస్తున్నాను గాని, పేర్లు మాత్రం రాయను. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

అప్పట్లో మేం ఈ ఊళ్ళోనే నిమ్‌పురాలో రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్ళం. వరసగా ఇళ్ళు, ఇంటికీ ఇంటికీ మధ్య ఛాతీ ఎత్తు గోడ, వెనక చిన్న పెరడు. ఆ వరసనే లైను అనేవాళ్ళం. లోకో షెడ్డు పొగ రోజూ మా మీదుగానే పోయేది. మా అమ్మ ఆరేసిన తెల్ల పంచె మీద నల్ల నలుసులు వాలితే, ఆవిడ ఇంజన్ని, డ్రైవర్ని, వాడి ఏడు తరాల్ని తిట్టి మళ్ళీ జాడించేది. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన చొక్కాకు ఎన్ని సార్లు ఉతికినా పోని గ్రీజు వాసన. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే ఆయన వచ్చాడనుకుని తలెత్తుతాను.

పొద్దున్న చోడి అంబలి, మధ్యాహ్నం అన్నం, ఎండు మెత్తళ్ళ చేపల పులుసు. పక్క లైన్లో బెంగాలీ వాళ్ళింట్లో ఆవనూనె కాగుతుంటే నాకూ, గోడవతలింట్లో ఉండే నా స్నేహితురాలికీ ఆకలి రెట్టింపయ్యేది. బడి నుంచి వచ్చాక మా ఇద్దరి పని ఒకటే. బొగ్గుపొడి, బంకమట్టి, ఇంత గంజి కలిపి ఉండలు చేసి గోడ మీద వరసగా ఎండబెట్టాలి. వాటిని గుల్ అనేవాళ్ళం. కుంపట్లో అవే కాలేవి. గోడకు ఇటు నా ఉండలు, అటు ఆమె ఉండలు. నావి వంకరగా వచ్చేవి. ఆమెవి లడ్డూల్లా గుండ్రంగా ఉండేవి. వాళ్ళత్త చూడనప్పుడు నావి అటూ, ఆమెవి ఇటూ మార్చేసేదాన్ని. మా అమ్మ నా పనితనం మెచ్చుకునేది, అవతల ఆ పిల్ల వీపు మీద దెబ్బ పడేది. నేను చేసిన మొదటి ద్రోహం అదే. అప్పుడు దాన్ని అల్లరి అనుకున్నాను.

ఆమె గోడవతల క్వార్టరాయన మేనకోడలు. ఆయనకో కూతురుండేది. ఆరేళ్ళప్పుడు దసరా సెలవులకు రైల్వే ఉచిత పాసు మీద శ్రీకాకుళం దగ్గర ఊరికి వెళ్ళి, జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది. ఆ ఏడే ఆయన చెల్లెలు కూడా పోయింది. చెల్లెలి మొగుడు అంతకు ముందే దేశాలు పట్టిపోయాడు. మిగిలింది చనిపోయిన కూతురి ఈడు పిల్ల. ఆయన ఆ పిల్లను చంకనేసుకుని రైలెక్కి ఖరగ్‌పూర్ తెచ్చేశాడు.

రైల్వే వాళ్ళ ఇళ్ళలో మనుషులకన్నా ముందు కాగితం ఉంటుంది. పాసు మీద పేర్లుంటాయి, వయసులుంటాయి. ఆస్పత్రి కార్డు మీదా, బడి రిజిస్టరులోనూ అవే పేర్లు. కూతురి పేరు ఉండొచ్చు, మేనకోడలి పేరు ఉండకూడదు. ఆయన ఏం చేశాడంటే, పోయిన కూతురి పేరు కొట్టించలేదు. తెచ్చిన పిల్లకు ఆ పేరే పెట్టాడు. ఆ పేరు మీదే పాసు, ఆ పేరు మీదే మందులు, ఆ పేరు మీదే బడి. గేటు దాటితే ఆయన్ని "నాన్న" అనాలి, గేటు లోపల "మామ". ఆరేళ్ళ పిల్ల ఒక్క రోజులో నేర్చుకుందట.

లైనంతా తెలుసు. ఎవ్వరూ నోరెత్తరు. మా లైన్లో అలాంటివి ఇంకా ఉండేవి. ఒకరి తమ్ముడి కొడుకు ఇంకొకరి కొడుకై చదువుకునేవాడు. దాన్ని ఎవరూ దొంగతనం అనుకోలేదు. పొరుగింటి కాగితం గురించి మాట్లాడకపోవడమే అక్కడ మర్యాద. మా అమ్మ నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఒకటే చెప్పేది.

"ఆల పిల్ల సంగతి బయట సెప్పీసినావంటే దానికి ఇల్లుండదు, ఆ మామకి ఉజ్జోగం ఉండదు. తెలిసినాదా?"

తెలిసింది. ఏడేళ్ళు నోరు మూసుకున్నాను కూడా.

ఎనిమిదో తరగతిలో మాకు ఇంగ్లీషు చెప్పడానికి కొత్త టీచరమ్మ వచ్చింది. కోస్తా నుంచి వచ్చి రెండు తరాలుగా ఇక్కడే ఉన్న క్రిస్టియన్ల ఇంటి ఆడపడుచు. తెల్ల చీర, నల్ల గొడుగు, చేతిలో ఎప్పుడూ ఒక కర్చీఫ్. కొట్టేది కాదు. కొట్టకుండా పాఠం చెప్పేవాళ్ళను మేం మొదట నమ్మలేదు. అప్పటిదాకా ఇంగ్లీషంటే గైడు బట్టీ పట్టడం. ఆవిడ గైడు బల్ల మీద నుంచి తీసి కిటికీలో పెట్టింది.

"ఈ కుర్రాడు లండన్లో ఉన్నాడని మీరు అనుకుంటున్నంత కాలం ఈ పాఠం మీకు రాదు పిల్లలూ" అంది. "ఆ పొగ మన షెడ్డు పొగే. ఆ గంజి మన గంజే. ఒక్కో పాఠం అయ్యాక ఆలోచించండి, ఇలాంటి మనిషి మన లైన్లో ఎవరు? మీకొచ్చిన ఇంగ్లీషులో చెప్పండి. తప్పులొచ్చినా పర్వాలేదు."

అబద్ధం ఎందుకు, ఆ ప్రశ్నతోనే నాకు ఇంగ్లీషు వచ్చింది. నవల్లో జాలి లేని అధికారి వస్తే మాకు రేషను షాపు వాడు కనిపించాడు. జేబులు కొట్టే పిల్లలు వస్తే స్టేషన్లో తిరిగే కుర్రకుంకలు కనిపించారు. తప్పో ఒప్పో, నోరు విప్పి ఇంగ్లీషులో వాక్యం చెప్పగానే ఆవిడ కర్చీఫ్ ఊపి "వెరీ గుడ్" అనేది. ఆ కర్చీఫ్ కోసం నేను ఏమైనా చెప్పేదాన్ని.

నా స్నేహితురాలికి ఇంగ్లీషు ఒంటబట్టలేదు. ఇంటి పని, అత్త పిలుపులు, పుస్తకం తెరిచే తీరికేది? బొగ్గు ఉండలు చేస్తూ గోడ మీదుగా నేనే ఆమెకు నవల చెప్పేదాన్ని. తెలుగులో కథ చెప్పి, మధ్య మధ్య ఇంగ్లీషు ముక్క అంటించేదాన్ని. ఆమె రెండు చేతులా బొగ్గుతో అలా నిలబడి వినేది. అంత బాగా వినేవాళ్ళు నాకు టీచరుగా ముప్ఫై ఏళ్ళలో ఒకరో ఇద్దరో దొరికారు.

ఒక రోజు చెప్పాను, ఆ కుర్రాడికి తల్లి పెట్టిన పేరు లేదు, ఎవరో పెద్దమనిషి తనకు తోచిన పేరు పెట్టాడని.

"అయితే ఆడికి ఒకటే పేరు" అంది.

"ఒకటే."

"మంచిదే మరి. ఆడిని పిలిస్తే ఆడినే పిలిచినట్టు."

కాసేపు ఉండ చుట్టి, గోడ మీద పెట్టి, చుట్టూ చూసి అంది. "నాకు మాయమ్మ పెట్టిన పేరు ఒకటున్నాది. సెప్తాను, ఎవలికీ సెప్పవు కదా?"

చెప్పింది. మంచి పేరు. మా ఊరి వైపు అమ్మవారి పేరు. చెప్పాక తనే ఒకసారి నోట్లో అనుకుంది, మర్చిపోలేదని సరిచూసుకున్నట్టుగా. నేను బొగ్గు చేత్తోనే ఒట్టేశాను.

ఆ ఏడు దసరా వెళ్ళిన పదో రోజు నేను గోడ దగ్గరే ఉన్నాను. ఆరేళ్ళ పిల్లలకు తద్దినాలుండవు. అవతలింటి అత్త తనకు తానే ఒక ఆచారం పెట్టుకుంది. కూతురు పోయిన రోజున మిట్టమధ్యాహ్నం పెరట్లో ఒక గిన్నెలో బెల్లం పరమాన్నం పెట్టి, పేరు పెట్టి పిలిచేది. ఏడాది పొడుగునా ఆ పేరు ఆవిడ నోట రాదు. మేనకోడల్ని "ఒలే" అనే పిలిచేది. ఆ ఒక్క రోజే ఆ పేరు.

ఏటా ఆ వేళకు మేం బళ్ళో ఉండేవాళ్ళం, ఆ ఏడు మాత్రం అది ఆదివారం పడింది. ఆవిడ అలాగే పిలిచింది. మూడుసార్లు పిలిచింది. లోపల అంట్లు తోముతున్న నా స్నేహితురాలికి వినిపించింది. బళ్ళో పిలిస్తే పలికే పేరు, పలకాలని మామ నేర్పిన పేరు.

"ఆఁ, వస్తన్నాను అత్తా" అంటూ తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది. ముఖంలో ఎంత సంతోషమో. అత్త తనను పేరుతో పిలిచిందని, పరమాన్నం పెడుతోందని అనుకుంది పిచ్చిది.

అత్త ఆమెను చెంప మీద కొట్టింది. తర్వాత ఆ గిన్నె పక్కనే కూలబడి తల బాదుకుంటూ ఏడ్చింది. నా స్నేహితురాలు చెంప పట్టుకుని నిలబడి, ఏడుస్తున్న అత్తనూ గిన్నెనూ చూసింది. ఆ తర్వాత లోపలికి వెళ్ళి అంట్లు తోముకుంది. ఆ గరగర చప్పుడు నాకు గోడ ఇవతలికి వినిపిస్తూనే ఉంది. ఆ అత్తను చెడ్డదని ఆ రోజు అనుకున్నాను. ఇప్పుడు అనుకోలేను. కూతురి పేరు ఇంకో పిల్ల మోస్తూ ఇంట్లో తిరుగుతుంటే ఏ తల్లి మాత్రం ఓర్చుకుంటుంది?

చలికాలంలో బళ్ళో బహుమతుల రోజు వచ్చింది. రైల్వే ఆఫీసు నుంచి ఒక పెద్ద అధికారి ముఖ్య అతిథి. టీచరమ్మ మా చేత నవల మీద ఇంగ్లీషులో మాట్లాడించాలని పట్టుబట్టింది. తలా ఐదు నిమిషాలు, తలా ఒక మనిషి. నా చేత పూరీ గేట్ అనే రైల్వే గేటు దగ్గర కాలీ కాలని బొగ్గులు ఏరుకునే ముసలమ్మ గురించి రాయించి దిద్దింది. నేను దాన్ని నీళ్ళలా బట్టీ పట్టాను.

నాకు ముందు ఒక బెంగాలీ అబ్బాయి గుడ్డి బిచ్చగాడి గురించి చెప్పాడు. చప్పట్లు మోగిపోయాయి. టీచరమ్మ కర్చీఫ్ ఊగింది. నా ముసలమ్మ వాడి గుడ్డివాడి ముందు ఎందుకూ పనికిరాదని నాకు అప్పుడే తెలిసిపోయింది. మెట్లెక్కుతూ ముసలమ్మను వదిలేశాను.

నాకొక స్నేహితురాలుంది, ఆమెకు రెండు పేర్లున్నాయి అని మొదలుపెట్టాను. ఒక పేరు చచ్చిపోయిన పిల్లది. ఆ పేరు మీదే ఆమె తింటుంది, చదువుతుంది, రైలెక్కుతుంది. తల్లి పెట్టిన పేరుతో ఆమెను పిలిచేవాళ్ళు లేరు. పరమాన్నం గిన్నె చెప్పాను. చెంపదెబ్బ చెప్పాను. రెండు పేర్లూ చెప్పాను. నవల్లో కుర్రాడికన్నా మా స్నేహితురాలు పేదది, వాడికి తన పేరైనా ఉంది అని ముగించాను. ఆ చివరి ముక్క ఆమెదే, నాది కాదు. అది కూడా దొంగిలించాను.

ఎందుకు చెప్పానని మీరు అడగొచ్చు. మా అమ్మ మాట మర్చిపోలేదు. కాని అది తెలుగులో చెప్పిన మాట. తెలుగులో అయితే నా పీక కోసినా ఆ సంగతి నా నోట వచ్చేది కాదు. ఇంగ్లీషులో చెబితే చెప్పినట్టు కాదనుకున్నాను. ఇంగ్లీషు మాకు పాఠం, పరీక్ష, నాటకం. దాంట్లో చెప్పింది నిజంగా ఎవరికో తగులుతుందని నాకు తోచనే లేదు. మా లైన్లో ఎవరికి వస్తుంది ఇంగ్లీషు?

హాలంతా చప్పట్లు. టీచరమ్మ కర్చీఫ్ మాత్రం ఊగలేదు. దాన్ని నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మంచివాడు. ఆ మాట ఒప్పుకోవాలి. ఆ పిల్ల ఇక్కడ ఉందా అని మెల్లగా అడిగాడు. నేను మూడో బెంచీ చూపించాను. నా స్నేహితురాలు లేచి నిలబడింది. "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అన్నాడు. ఇంగ్లీషులో ఆమెకు తడుముకోకుండా వచ్చిన జవాబు అదొక్కటే. రోజూ చెప్పేదే. "మై నేమ్ ఈజ్" అని ఒక్క క్షణం ఆగి, నా వైపు చూసి నవ్వి, తల్లి పెట్టిన పేరు చెప్పింది.

అంతమందిలో ఆ పేరు చెప్పడం ఆమెకు అదే మొదటిసారి. నేను చెప్పేశాను గనక ఇక చెప్పొచ్చు అనుకుంది.

ఈ పిల్లకు ఏదైనా సాయం చెయ్యాలి అంటూ అధికారి పక్కనున్న గుమాస్తాకు ఏదో చెప్పాడు. గుమాస్తా చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. నాకు బహుమతిగా డిక్షనరీ ఇచ్చారు.

ఇంటికి వెళ్తూ దారిలో ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నా గురించేనా సెప్పినావు? సగమే అర్థమయినాది. అందరూ సప్పట్లు కొట్టినారు" అంది. "నువ్వు బాగా సెప్పినావే." నేను డిక్షనరీ చంకలో పెట్టుకుని నడిచాను. ఆ రోజు మేమిద్దరం ఎంత ఆనందంగా ఉన్నామో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

సాయం చెయ్యడానికి వెతికితే కాగితాలు బయటికొచ్చాయి. పదిహేను రోజుల్లో ఆ మామకు ఛార్జిషీటు వచ్చింది. తప్పుడు డిక్లరేషన్, ఏడేళ్ళుగా. యూనియన్ వాళ్ళు వచ్చి మాట్లాడారు. వాళ్ళలో ఒక బెంగాలీ పెద్దాయన గేటు దగ్గర మా నాన్నతో గొంతు తగ్గించి అన్నది ఇది. పిల్ల ఇంట్లో లేదని, ఎక్కడికో పంపేశానని రాసిస్తే ఉద్యోగం నిలబెట్టొచ్చు. ఎంక్వయిరీ వచ్చేనాటికి మాత్రం పిల్ల క్వార్టర్లో కనపడకూడదు.

మా అమ్మ నన్ను చీపురుతో కొట్టింది. కొడుతూ తనే ఏడ్చింది.

"ఇంగ్లీసులో సెప్తే మటుకు ఇజ్జత్ పోదేటే? ఆలు మనోల్లు కారేటి? కడుపు సించుకుంటే కాల్ల మీద పడతాదని తెలీదేటి నీకు?"

టీచరమ్మ కూడా వచ్చింది. మా ఇంటికి కాదు, ముందు గోడవతలింటికి. వాకిట్లో నిలబడి, పిల్లను తనకిమ్మని అడిగింది. తనకెవరూ లేరు, చర్చి పక్కన ఒక్కతే ఉంటోంది, పెంచుకుంటానంది.

ఆ మామ తల వంచుకునే చెప్పాడు. "మీరు మంచోరే టీచరమ్మా. కాని ఈ ఊల్లోనే ఉంటే ఆలు మల్లీ అడుగుతారు. దాసినానంటారు. నా కాగితం మల్లీ బయటికొస్తాది."

టీచరమ్మ వాదించలేదు. తిరిగి వెళ్తూ మా గుమ్మం దగ్గర ఆగి నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. "తప్పు నీది కాదమ్మా, నాది. అడగకూడని ప్రశ్న అడిగాను" అంది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఆవిడ కిటికీలోంచి గైడు తీసి మళ్ళీ బల్ల మీద పెట్టింది. నవల చివరి పాఠాలు గైడులోంచే చెప్పింది.

విజయనగరం వైపు జూటుమిల్లులో పనిచేసే ఒకాయన ఆ పిల్లకు తండ్రి తరఫున పెదనాన్న వరసవుతాడట. అక్కడికి పంపాలని నిర్ణయించారు. ఒక మధ్యాహ్నం స్టేషనుకు వెళ్ళాం. మా అమ్మ వద్దంది, మా నాన్న తీసుకెళ్ళాడు. ఆ పిల్ల పాసు లేకుండా రైలెక్కడం అదే మొదటిసారి. చేతిలో అట్టముక్క టికెట్టు తిప్పి తిప్పి చూసుకుంటోంది.

"దీని మీద పేరు లేదే" అంది.

"టికెట్ల మీద ఉండవమ్మా" అన్నాడు మా నాన్న.

అత్త రాలేదు. ఒక టిఫిను గిన్నె పంపింది. మూత తీస్తే బెల్లం పరమాన్నం. ఆ పిల్ల వాసన చూసి మూత పెట్టేసింది, రైల్లో తింటానని. బండి కూత వేశాక కిటికీ ఊచల్లోంచి నన్ను పిలిచింది.

"ఒలే, ఆ కుర్రోడు సివరికి ఏటవుతాడే?"

అప్పటికి మా పాఠం సగంలో ఉంది. నాకూ తెలియదు.

"బాగుంటాడు. అందరూ దొరుకుతారు" అన్నాను.

"అయితే సరే" అంది.

నేను ఊరికే అన్న మాట నిజమే అయింది. నవల్లో ఆ కుర్రాడికి మంచిల్లు దొరుకుతుంది, తనవాళ్ళు దొరుకుతారు, పుట్టుక సంగతీ తెలుస్తుంది. చివరి పాఠం చదివిన రోజు నేను ఆ పుస్తకం కుంపట్లో పెట్టబోతే మా నాన్న లాక్కున్నాడు.

ఆమె గురించి రెండే కబుర్లు వచ్చాయి. బళ్ళో వెయ్యలేదని ఒకటి. వానాకాలం వెళ్ళాక రెండోది, ఆమె కామెర్లతో పోయిందని. పోస్టుకార్డు వచ్చిన రోజు మా లైన్లో ఎవరూ ఏమీ అడగలేదు. అవతలింట్లో మైల పట్టలేదు, పొయ్యి ఆర్పలేదు. ఆ మామ మర్నాడు డ్యూటీకి వెళ్ళాడు. వెళ్ళకపోతే ఎవరు పోయారని సెలవు అడుగుతాడు? ఎంక్వయిరీలో దిద్దిన కాగితం ప్రకారం ఆయన కూతురు ఎప్పుడో పోయింది. ఈ పిల్ల ఆయనకు ఏమీ కాదు.

ఆ ఏటి దసరా వెళ్ళిన పదో రోజు నేను బడి మానేసి, మధ్యాహ్నం ఇంట్లోంచి బయటికి రాలేదు. గోడ వైపు చూసే ధైర్యం లేదు. కాని గొంతు వినిపించింది. అత్త కూతుర్ని పిలిచింది, మూడుసార్లు. ఆగింది. తర్వాత ఇంకో పేరు పిలిచింది. అమ్మవారి పేరు. ఆ పేరు ఆవిడకు తెలుసని నాకు అంతవరకూ తెలియదు. మొదటి పేరు కన్నా మెల్లగా, అలవాటు లేని నోటితో పిలిచింది. నేను కిటికీ ఊచ పట్టుకుని గోడ మీదుగా చూశాను. రెండు గిన్నెలు పక్కపక్కన ఉన్నాయి.

ఆవిడ పోయేదాకా ప్రతి ఏడూ అలాగే పిలిచింది. ఆ లైను కూడా ఇప్పుడు లేదు. క్వార్టర్లు పాడుబడ్డాయి, గోడలు పడిపోయాయి. పొగ ఇంజన్లు పోయి చాలా కాలమైంది, ఆరేసిన బట్టలు ఇప్పుడు తెల్లగానే ఉంటాయి. టీచరమ్మ చర్చి వెనక సమాధిలో ఉంది. నేను ఆవిడలా టీచర్నయ్యాను. నవలలు చెప్పాను, గంజి అర్థం చెప్పాను, సత్రం అర్థం చెప్పాను. మన లైన్లో ఎవరు అని ఒక్క పిల్లనూ అడగలేదు. మంచి టీచర్నని పేరొచ్చింది. ఆవిడ చెప్పినంత మంచి పాఠం మాత్రం ఒక్కటీ చెప్పలేదు.

ఆ చిన్నది ప్రశ్న అడిగిన నాలుగు రోజులకు ఆ పదో రోజు వచ్చింది. అత్త పోయినప్పటి నుంచి ఆ పని నాది. ఖరిదా ఇంటి పెరట్లో మిట్టమధ్యాహ్నం రెండు గిన్నెలు పెడతాను. బెల్లం పరమాన్నమే. రెండు పేర్లూ పిలుస్తాను, ఒక్కోటి మూడుసార్లు. చుట్టుపక్కల వాళ్ళు నాకు మతి చలించిందనుకున్నా నాకేం బాధ లేదు.

ఆ రోజు బడి ఒంటిపూట. చిన్నది భోజనం చేసి నేరుగా వచ్చేసింది. నేను చూసుకోలేదు. రెండో పేరు మూడోసారి పిలిచి తిరిగేసరికి గుమ్మంలో సంచీతో నిలబడి ఉంది.

"ఎవలిని పిలస్తన్నావు అమ్మమ్మా?"

"కాకిని."

అది పెరటి వైపు చూసింది. గోడ మీద కాకి లేదు. గిన్నెల వైపు చూసింది, నా ముఖం వైపు చూసింది. సంచీ కింద పెట్టి వచ్చి నా పక్కన నిలబడింది.

"కాకికి పేరుంటాదేటి?"

నేను గిన్నెలు రెండూ దగ్గరికి జరిపాను. అది నా చెయ్యి పట్టుకుని, నేను చివరగా పిలిచిన పేరే, ఎక్కడా తప్పు లేకుండా, తనూ ఒకసారి పిలిచింది.